తోడికోడలి ఆకుపచ్చ బ్యాడ్జీ

ఇస్త్రీ అక్క కడుపులో మంట రాజుకున్నది ఒక సోమవారం పొద్దున, ఓడలో సిబ్బంది భోజనాల గదిలో, నోటీసు బోర్డు ముందు. చేతిలో టీ కప్పు ఉంది. బోర్డు మీద కొత్త కాగితం ఉంది. పనిలో ఎవరికీ దెబ్బలు తగలకుండా, రోగాలు రాకుండా చూసే సేఫ్టీ కమిటీలోకి, గదులు సర్దేవాళ్ళూ లాండ్రీవాళ్ళూ కలిసి ఒక మనిషిని ఎన్నుకున్నారని రాసి, కింద ఫొటో అంటించారు. ఆకుపచ్చ బ్యాడ్జీ పెట్టుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న ఆ మనిషి ఎవరో కాదు, సొంత తోడికోడలు.

ఇస్త్రీ అక్క టీ తాగడం మరిచిపోయింది.

"మీ ఇంటి మనిషేగా? పార్టీ ఎప్పుడు?" అన్నాడు వెనక నుంచి దూది. అతను బట్టలారబెట్టే మిషన్ల దగ్గర పనిచేస్తాడు. జుట్టులోనూ కనుబొమల్లోనూ ఎప్పుడూ నూలు పీచు అంటుకుని ఉంటుంది కాబట్టి అందరూ అతన్ని దూది అంటారు.

"మా ఇంటి మనిషే. పని నేర్పింది కూడా నేనే," అంది ఇస్త్రీ అక్క. రెండో మాట అతను వినిపించుకోలేదు. టీ సింకులో పారబోసి, ఆ రోజు నుంచీ ఆమె ఆ బోర్డు ఉన్న వైపు గుమ్మం మానేసి, చుట్టూ తిరిగి వెనక మెట్ల మీదుగా భోజనానికి వెళ్ళడం మొదలుపెట్టింది.

అది పెద్ద విహార నౌక. పైన పదమూడు అంతస్తులు, ఈతకొలనులు, నాటకశాల, అద్దాల లిఫ్టులు. అన్నిటికన్నా కింద, నీటి మట్టానికి దిగువన, కిటికీ అనేదే లేని పొడుగాటి గదిలో లాండ్రీ. మూడు వేల మంది కప్పుకునే దుప్పట్లు, తుడుచుకునే తువ్వాళ్ళు రోజూ అక్కడికే దిగి, మళ్ళీ అక్కడి నుంచే ఎక్కుతాయి. ఇస్త్రీ అక్క పదకొండేళ్ళుగా మడతల బల్ల దగ్గర నిలబడి ఉంది. రోలర్ల మధ్య నుంచి వేడిగా వచ్చే దుప్పటిని అందుకుని, రెండు విసుర్లలో నాలుగు మడతలు వేసి, అరచేత్తో ఒక్కసారి నిమిరితే అది కొత్త పుస్తకంలా బల్ల మీద కూర్చునేది. కొత్తవాళ్ళు నోరు తెరుచుకుని చూసేవారు. ఆ చూపులంటే ఆమెకి ప్రాణం.

ఎన్నిక జరిగిన మీటింగుకి ఆమె కూడా వెళ్ళింది. "ఈసారి నీ పేరే చెబుతాను" అని లాండ్రీ మాస్టర్ మాటిచ్చాడు, చెప్పాడు కూడా. ఆమె తన యూనిఫాం తానే గంజి పెట్టి ఇస్త్రీ చేసుకుంది. ఫొటోకి ఎటు తిరిగి నిలబడాలో కూడా అనుకుని పెట్టుకుంది. తీరా అక్కడ సేఫ్టీ ఆఫీసర్, పోటీలో ఉన్న ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాడు: మీరు వస్తే మొదట ఏం మారుస్తారు?

ఇస్త్రీ అక్క లేచి, "నేను పదకొండేళ్ళుగా ఈ ఓడలో ఉన్నాను," అంది. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. కూర్చుంది.

తోడికోడలు లేచి, గదులు కడిగే మందుల సీసాల మీద పేర్లు చెరిగిపోయి ఏది ఏదో తెలియడం లేదనీ, వాటిని పీల్చి ఇద్దరికి దగ్గు పట్టుకుందనీ, ముందు వాటి సంగతి చూస్తాననీ అంది. ఎక్కువ చేతులు ఆమెకే లేచాయి. లాండ్రీవాళ్ళవి కూడా కొన్ని లేచాయి. ఎవరెవరివో ఇస్త్రీ అక్క చూసి పెట్టుకుంది.

ఈ మంటకి పాత కట్టెలు చాలానే ఉన్నాయి. ఆమె భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు, మరిది బస్సు నడుపుతాడు. అత్తగారితో కలిసి అందరిదీ ఒకటే ఇల్లు. ఇంట్లో ఇస్త్రీ అక్కని పెద్దమ్మాయి అనీ, తోడికోడల్ని చిన్నమ్మాయి అనీ పిలుస్తారు. నాలుగేళ్ళ కిందట చిన్నమ్మాయి "అక్కా, నన్ను కూడా ఓడెక్కించవా" అని బతిమాలితే, ఈమే ఆఫీసు చుట్టూ తిరిగి ఎక్కించింది. ఊగే నేల మీద కాళ్ళు ఎడంగా పెట్టి ఎలా నిలబడాలో, పరుపు ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్ళ మీద ఎలా లేవాలో నేర్పింది. మొదటి నెలంతా చిన్నమ్మాయి ఓడ ఊపుకి కడుపులో తిప్పి వాంతులు చేసుకుంటుంటే బకెట్ పట్టుకున్నది ఈ చేతులే. ఆ బకెట్ సంగతి కమిటీలో ఎవరికైనా తెలుసా?

చిన్నమ్మాయికి ఒక అలవాటుంది. ఏది చెప్పినా "ఎందుకు?" అంటుంది. ఇంట్లో ఆ అలవాటుకి అత్తగారి చేత చివాట్లు తినేది. ఓడలో అదే అలవాటుకి అందరూ ఆమెని నెత్తిన పెట్టుకున్నారు.

అగ్నికి ఆజ్యం పోసినట్టు, ఆ వారమే అత్తగారు ఫోన్ చేసింది.

"పెద్దమ్మాయ్, చూశావా మన చిన్నమ్మాయి ఫొటో? వీధిలో అందరికీ చూపించానే! ఓడంతా దాని చేతి కిందే నడుస్తుందటగా?"

"ఓడని కెప్టెన్ నడుపుతాడు అత్తయ్యా."

"ఆయన నడుపుతాడులే, ఇది జాగ్రత్త చెబుతుంది. నువ్వు కూడా కాస్త దాని మాట వింటూ ఉండమ్మా. మిషన్ల దగ్గర పని నీది."

ఫోన్ పెట్టేశాక ఇస్త్రీ అక్క ఒక తువ్వాలుని ఆరుసార్లు మడిచి, ఆరుసార్లు విప్పింది.

పది రోజులకి చిన్నమ్మాయి లాండ్రీకి తనిఖీకి వచ్చింది. చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం, రొమ్ము మీద బ్యాడ్జీ. ఆరబెట్టే మిషన్ల వెనక వంగి పీచు జాలీలు చూసింది. "రెండు గంటలకోసారి పీచు తీస్తున్నారా? ఇది మంట పట్టుకుందంటే పొగ పై గదుల దాకా పోతుంది," అని దూదిని అడిగింది. దూది తలగోక్కున్నాడు. కాగితం మీద ఏదో రాసుకుంది. అక్కడి నుంచి ట్రాలీల దగ్గరికి వచ్చింది. మనిషి తల దాటేంత ఎత్తున దుప్పట్లు పేర్చి ఉన్నాయి.

"అక్కా, ఇది తోస్తే ఎదురుగా ఎవరొస్తున్నారో కనిపించదు కదా?"

"పదకొండేళ్ళుగా తోస్తున్నాను. నాకు కనిపించకపోయినా దారికి నేను కనిపిస్తాను."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చిన్నమ్మాయి కూడా నవ్వింది. నవ్వుతూనే కింద చూపు పడింది. ఇస్త్రీ అక్క కుడి మణికట్టుకి పాత మేజోడు కత్తిరించి పట్టీలా చుట్టుకుని ఉంది.

"చేతికేమైంది అక్కా?"

"చెమట కారకుండా కట్టుకున్నా."

"ఎడమ చేతికి చెమట పట్టదా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇస్త్రీ అక్క ముఖం జేవురించింది. "నాకు నేర్పడానికి వచ్చావా? బకెట్ పట్టుకోవడం దగ్గర్నుంచీ ఎవరు నేర్పారో మరిచిపోయావా? రాసుకుంటావా, రాసుకో. మా అక్క చెమట గురించి ఎదురు మాట్లాడిందని కూడా రాసుకో!"

చిన్నమ్మాయి పెన్ను క్యాప్ పెట్టేసి, "ఒకసారి ఓడ డాక్టరమ్మకి చూపించుకో అక్కా," అని మెల్లగా అని వెళ్ళిపోయింది. గట్టిగా అని ఉంటే పోయేది. నలుగురిలో మెల్లగా అనడమే ఇస్త్రీ అక్కకి తల కొట్టేసినట్టయింది.

చెయ్యి నిజంగానే బాగాలేదు. రోజుకి వేల దుప్పట్లు ఒకే తీరున విసిరి విసిరి, ఏడాదిగా కుడి చేతి బొటనవేలు, పక్కనున్న రెండు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. పొద్దున లేస్తే వేళ్ళు తనవి కానట్టుండేవి. గుండీ పెట్టుకోవడానికి పళ్ళు వాడుకోవలసి వచ్చేది. డాక్టరమ్మ దగ్గరికి వెళితే పనికి పనికిరావని రాసి దింపేస్తుందని భయం. ఇప్పుడు దానికి ఇంకో భయం తోడైంది. తాను పట్టీ కట్టుకుని దిగిపోతుంటే, పైన ఓడ రెయిలింగు దగ్గర నిలబడి బ్యాడ్జీ పెట్టుకున్న చిన్నమ్మాయి చెయ్యి ఊపుతుంది. ఆ బొమ్మ కళ్ళ ముందుకొస్తే చాలు, నొప్పి పంటి బిగువున ఆగిపోయేది.

అసూయ మనిషిని కూర్చోనివ్వదు. చిన్నమ్మాయిలో ఒక్క తప్పు పట్టుకోవాలి, అంతే. ఒక మధ్యాహ్నం శుభ్రమైన తువ్వాళ్ళు ఇవ్వాలన్న వంక పెట్టుకుని తొమ్మిదో అంతస్తుకి ఎక్కింది. చిన్నమ్మాయి సర్దుతున్న గది తలుపు తెరిచే ఉంది. స్నానాల గదిలో ఆమె, తొట్టి అంచు మీద రెండు కాళ్ళూ పెట్టి, ఒక చేత్తో గోడ పట్టుకుని, అద్దం పై భాగం తుడుస్తోంది. తడి అంచు. కాళ్ళకి మేజోళ్ళు. అంచుల మీద ఎక్కకండి, స్టూలు తెచ్చుకోండి అని కిందటి వారమే అందరికీ చెప్పిన మనిషి!

ఇస్త్రీ అక్క అడుగు చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేసింది. దిగేటప్పుడు ఆమెకి మెట్లు తెలియలేదు, తేలుతూ వచ్చినట్టుంది.

కొద్దిలో తప్పిన ప్రమాదాలు రాసి వేయడానికి భోజనాల గది బయట ఒక ఎర్ర పెట్టె ఉంది. పేరు రాయనక్కర్లేదు. ఆమె కార్డు తీసుకుని, ఎడమ చేత్తో రాస్తే అక్షరాలు రాక, కుడి చేత్తోనే రాసింది: తొమ్మిదో అంతస్తులో, ఆకుపచ్చ బ్యాడ్జీ ఉన్నవారే, తడి తొట్టి అంచు ఎక్కి అద్దం తుడిచారు. చదివి, "వారే" కింద గీత గీసింది. ఇంకోసారి చదివి, ఇంకో గీత గీసింది.

కమిటీ మీటింగు నెలకోసారి. ఎవరైనా వెళ్ళి వెనక కూర్చోవచ్చు. ఎప్పుడూ వెళ్ళని ఇస్త్రీ అక్క ఆ నెల అందరికన్నా ముందు వెళ్ళి, చిన్నమ్మాయి ముఖం బాగా కనిపించే కుర్చీ చూసుకుని కూర్చుంది. సేఫ్టీ ఆఫీసర్ కార్డులు ఒక్కొక్కటే చదువుతున్నాడు. వంటింట్లో నూనె ఒలికింది, మెట్ల మీద దీపం వెలగడం లేదు. ఆ తర్వాత ఈ కార్డు. చదివి, అతను కాస్త ఇబ్బందిగా, "ఇది ఎవరి గురించో..." అన్నాడు.

"నా గురించే సార్," అని చిన్నమ్మాయి లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది, గొంతు మాత్రం తొణకలేదు. "చేశాను. ఆ రోజే కాదు, రోజూ చేస్తున్నాను. స్టూలు ఆ స్నానాల గదుల్లో పట్టదు. పద్దెనిమిది గదులు సర్దాలి, టైము చాలదు. నేను చెప్పింది నేనే పాటించలేకపోతున్నానంటే, చెప్పడంలోనే ఏదో తప్పుంది. ఇది రాసినవాళ్ళెవరో గానీ మంచి పని చేశారు. లేకపోతే నా అంతట నేను చెప్పేదాన్ని కాదేమో."

 మొదటి వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. గదంతా అందుకుంది. సేఫ్టీ ఆఫీసర్ కూడా కొట్టాడు. గదులు సర్దేవాళ్ళందరికీ పొడుగు కర్రకి బిగించిన తుడుపు బ్రష్షులు తెప్పించాలని అక్కడికక్కడే తీర్మానం రాసుకున్నారు.

ఇస్త్రీ అక్క చేతులు ఒళ్ళో అలాగే ఉండిపోయాయి. తను తవ్విన గొయ్యిలో ఆమె పడలేదు సరికదా, దాన్ని పూలకుండీ చేసి పైన నిలబడింది! తప్పు ఒప్పుకుంటే చప్పట్లు కొడతారని ఈ పదకొండేళ్ళలో తనకెవరూ చెప్పలేదు. ఆ చప్పట్లు వారం రోజులు ఆమె చెవుల్లో రోలర్ల మోతని మించి మోగాయి.

ఆ మీటింగులోనే ఇంకో కాగితం కూడా తయారైంది. లాండ్రీకీ, దుప్పట్ల గోదాముకీ మధ్య ఒక ఉక్కు తలుపుంది. ఓడకి చిల్లిపడితే నీళ్ళు ఒక గది నుంచి ఇంకో గదికి పోకుండా ఆపే తలుపు అది. పక్కకి జరుగుతుంది. రెండు వైపులా ఒక్కో మీట ఉంటుంది, దాన్ని నొక్కి పట్టుకుంటే తెరుచుకుంటుంది. ఓడ రేవులోకి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు ఓడ నడిపే పై గది నుంచి ఇలాంటి తలుపులన్నీ మూసి ఉండేలా పెడతారు. అప్పుడు మీట వదిలితే చాలు, గంట మోగుతూ తనంత తానే మూసుకుంటుంది. దారిలో కర్ర ఉందా కాలుందా చూడదు. కొత్త కాగితం మీద ఇలా రాసి ఉంది: ట్రాలీతో ఈ తలుపు దాటేటప్పుడు ఇద్దరుండాలి, ఒకరు మీట పట్టుకోవాలి, ఒకరు తోయాలి; ఒంటరిగా ఎవరూ దాటకూడదు. కింద కమిటీ తరఫున చిన్నమ్మాయి సంతకం.

ఆ రూలు కొత్తది కాదు. అందరికీ తెలిసిందే, ఇస్త్రీ అక్క కూడా దూదిని పిలిచి సాయం పట్టమనేది. కానీ ఆ సంతకం చూశాక ఆమెకి దూదిని పిలవాలంటే నోరు రాలేదు.

ఒక శనివారం పొద్దున ఓడ రేవులోకి వస్తోంది. ఆ రోజు పాత ప్రయాణికులంతా దిగి కొత్తవాళ్ళు ఎక్కుతారు కాబట్టి ఓడలోని పరుపులన్నిటికీ దుప్పట్లు మార్చాలి. గోదాము నుంచి పిలుపు మీద పిలుపు. దూది మిషన్ దగ్గర చెమటలు కక్కుతున్నాడు.

"అక్కా, రెండు నిమిషాలు ఆగు, వస్తున్నా!" అని అరిచాడు.

"నీ పని నువ్వు చూసుకో," అని ఇస్త్రీ అక్క ట్రాలీ పట్టుకుంది.

మామూలుగా అయితే వెనక నుంచి తోసేది. ఆ రోజు తోస్తుంటే మణికట్టులో సూదులు గుచ్చినట్టయింది. అందుకని ముందుకొచ్చి ఎడమ చేత్తో లాగడం మొదలుపెట్టింది. కుడి చేత్తో మీట నొక్కి తలుపు తెరిచింది. తాను చటుక్కున గుమ్మం దాటి, అవతలి వైపు మీట కుడి చేత్తో పట్టుకుని, ఎడమ చేత్తో ట్రాలీని లాగింది. ముందు చక్రాలు గడప దాటాయి. వెనక చక్రాలు గడప దగ్గర ఆగాయి. ఇంకాస్త బలంగా లాగబోయింది. అప్పుడు కుడి చేతి వేళ్ళు వదిలేశాయి. ఆమె వదల్లేదు, అవే వదిలేశాయి.

గంట మోగడం మొదలైంది. తలుపు కదిలింది.

ఆమె ఇంకా ట్రాలీనే లాగుతోంది. దుప్పట్లు నలిగిపోతాయన్న ఆలోచన తప్ప తలలో ఇంకేం లేదు. ఉక్కు అంచు ట్రాలీ నడుముని తాకింది, ఆగుతుందేమో అనిపించింది, ఆగలేదు. ఇనుప చట్రం కీచుమని అరిచి లోపలికి వంగింది. చక్రం ఒకటి ఊడి ఎగిరి గోడకి కొట్టుకుంది. అప్పుడు వదిలింది చెయ్యి. వెనక్కి పడి, గోడకానుకుని కూర్చుండిపోయింది. ఎదురుగా, తన భుజాలంత వెడల్పున్న ట్రాలీ జానెడు వెడల్పయింది. రోజూలాగే వెనక నుంచి తోసి ఉంటే ఆ గుమ్మంలో ఉండేది తన పక్కటెముకలు.

ఎంతసేపు కూర్చుందో తెలియదు. లేచి ఎడమ చేత్తో మీట నొక్కింది. తలుపు తెరుచుకుంది. ట్రాలీ పక్కకి ఒరిగిపోయింది. అటువైపు దూది, లాండ్రీ మాస్టర్, ఇంకా ఇద్దరు నిలబడి ఉన్నారు.

లాండ్రీ మాస్టర్ ముందు ఆమె ఒంటినీ, తర్వాత ట్రాలీనీ చూశాడు. ఆమెని పక్కకి తీసుకెళ్ళి నీళ్ళు తాగించి, గొంతు తగ్గించి అన్నాడు: "నీకేం కాలేదు, అది చాలు. ఓడ ఊగింది, ట్రాలీ దానంతటదే దొర్లి తలుపులో ఇరుక్కుంది అని చెప్పు. నీకూ మంచిది, మన లాండ్రీకీ మంచిది."

సముద్రం ఆ పొద్దున పళ్ళెంలో నీళ్ళలా ఉంది. అయినా ఇస్త్రీ అక్క తలూపింది.

మధ్యాహ్నం సేఫ్టీ ఆఫీసర్ చిన్న గదిలో ఆమెని కూర్చోబెట్టారు. ఆఫీసర్ ముందు తలుపు బాగుందో లేదో చూడటానికి వెళ్ళాడు. అప్పటిదాకా వివరాలు రాసుకోమని కమిటీ మనిషిని పంపాడు. వచ్చింది చిన్నమ్మాయే. ఆమె ముఖం సున్నంలా తెల్లబోయి ఉంది. కూర్చుంది, అట్ట ఒళ్ళో పెట్టుకుంది. అక్క చేతులు రెండూ, వేళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టినట్టు చూసింది.

"చెప్పక్కా. ఏం జరిగింది?"

ఓడ ఊగింది అనే మాట ఇస్త్రీ అక్క నాలుక చివరి దాకా వచ్చింది. ఆ క్షణంలో ఆమెకి చప్పట్లు గుర్తొచ్చాయి. తొట్టి అంచు ఎక్కినందుకే ఇది లేచి నిలబడి ఒప్పుకుందే, ట్రాలీ నుజ్జయితే నేను నోరు మూసుకుని దాక్కోవాలా? దీనికన్నా నేను తక్కువ తిన్నానా? ఆమె చేత నిజం చెప్పించింది భయం కాదు, బుద్ధీ కాదు. అచ్చంగా కుళ్ళు.

"రాసుకో," అంది. "ఓడ ఊగలేదు. దూది ఆగమన్నాడు, నేను ఆగలేదు. నీ సంతకం ఉన్న కాగితం చూసి, కావాలనే ఒక్కదాన్నే వెళ్ళాను. మీట నా చేతిలోంచి జారలేదు. నా చెయ్యే పట్టుకోలేకపోయింది. ఏడాదిగా తిమ్మిరి. గుండీ పెట్టుకోలేను. చెప్పలేదు."

చిన్నమ్మాయి రాయడం ఆపేసింది. "ఏడాదా? అక్కా, అప్పట్నుంచీ..."

"రాయవేం? ఇంకోటి కూడా రాసుకో. ఆ కార్డు వేసింది నేను. తొట్టి అంచుది."

"తెలుసు."

"తెలుసా?"

"ఇంట్లో డబ్బాలన్నిటి మీదా పేర్లు రాసింది నువ్వేగా అక్కా. నీ అక్షరాలు నాకు తెలియవా? రెండు గీతలు కూడా గీశావు."

 తెలిసి కూడా అంతమందిలో "మంచి పని చేశారు" అందన్నమాట. ఆ మాటలో ఎగతాళి ఎక్కడైనా ఉందేమోనని వెతికింది. దొరికితే బాగుండును. దొరకలేదు. ఏడుపొచ్చింది, అది ఏ రకం ఏడుపో ఆమెకే తేలలేదు. చిన్నమ్మాయి అట్ట పక్కన పెట్టి, మేజోడు పట్టీ మెల్లగా విప్పి, ఆ వేళ్ళని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. ఇస్త్రీ అక్క చెయ్యి లాక్కోవాలనుకుంది. కానీ హాయిగా ఉంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నిజం చెబితే కొడతారని ఆశ పడినందుకు ఆమె తన్ను తానే తిట్టుకుంది. బదులుగా సేఫ్టీ ఆఫీసర్ రెండు గంటలు ప్రశ్నలడిగాడు, ఒంటరిగా తలుపు దాటినందుకు హెచ్చరిక కాగితం ఇచ్చాడు. లాండ్రీ మాస్టర్ వారం రోజులు ముఖం చాటేశాడు. డాక్టరమ్మ మణికట్టు మీద వేలితో తట్టి, చేతిని వంచి, "ఇన్నాళ్ళు ఎలా ఓర్చుకున్నావమ్మా?" అంది. నరం నొక్కుకుపోయిందనీ, ఇంకొన్నాళ్ళయితే చెయ్యి చచ్చుబడేదనీ, ఒడ్డున చిన్న ఆపరేషన్ చేయించుకోవాలనీ చెప్పింది. అది పని వల్ల వచ్చిన జబ్బేనని కూడా రాసింది. అలా రాయడానికి ఆధారం చిన్నమ్మాయి తనిఖీ కాగితం. ఆ రోజు లాండ్రీలో అందరి ముందూ క్యాప్ పెట్టేసినా, బయటికి వెళ్ళాక ఆమె ఒక ముక్క రాసి పెట్టింది: మడతల బల్ల దగ్గరి మనిషికి చేతి నొప్పి ఉన్నట్టుంది, పని మార్చి మార్చి ఇవ్వాలి. ఆ ముక్క వల్లే కంపెనీ వైద్యమంతా చూసుకుంది, తిరిగి వస్తే చోటు ఉంచుతామని మాటిచ్చింది.

అంటే నా నొప్పి కూడా దానికే కలిసొచ్చింది అనుకుంది ఇస్త్రీ అక్క. అనుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే మళ్ళీ అనుకుంది.

దిగే రోజు చిన్నమ్మాయి రెయిలింగు దగ్గర చెయ్యి ఊపడానికి రాలేదు. సంచీ మోసుకుని రేవు గేటు దాకా వచ్చి, అక్క కాలర్ గుండీ తానే పెట్టి, డ్యూటీకి ఆలస్యమైందని వెనక్కి పరిగెత్తింది.

ఇంట్లో నాలుగు నెలలుంది. ఆపరేషనైంది, కుట్లు విప్పారు. ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నారు. అత్తగారు పక్కన కూర్చుని లెక్కపెట్టేది.

"చిన్నమ్మాయి రోజూ ఫోన్ చేసి నువ్వు బంతి పిసుకుతున్నావా లేదా అని అడుగుతోందే. ఎంత ప్రేమో చూడు దానికి!"

"నన్నే అడగొచ్చుగా?"

"నువ్వు కసురుతావటగా!"

బంతి గట్టిగా నలిగింది. డాక్టర్ చెప్పినదానికన్నా రెండు వారాల ముందే ఆమె వేళ్ళకి పట్టు వచ్చింది.

తిరిగి ఓడెక్కేసరికి లాండ్రీ కొంచెం మారింది. ట్రాలీలకి ఛాతీ ఎత్తున ఎర్ర గీత గీశారు, అంతకన్నా పైకి పేర్చకూడదు. మడతల బల్ల దగ్గర ఎవరూ గంటకి మించి నిలబడరు, పని మారుతూ ఉంటుంది. మొదట్లో ఇస్త్రీ అక్కకి అది నచ్చలేదు. తన బల్ల మీద ఎవరెవరో వంకర మడతలు వేస్తుంటే కళ్ళలో కారం పడ్డట్టుండేది. ఉక్కు తలుపు దగ్గర మాత్రం ఇద్దరూ చేరేదాకా ఆమె కాలు కదపదు. ఆ గంట మోత వింటే ఇప్పటికీ కుడి చెయ్యి దానంతటదే ఒంటి దగ్గరికి వచ్చేస్తుంది.

కమిటీలో లాండ్రీకి విడిగా ఒక చోటు ఉండాలని చిన్నమ్మాయి పట్టుబట్టి సాధించిందట. ఇస్త్రీ అక్క గుండె ఒక్కసారి ఎగిరింది.

"ఎవర్ని పెడుతున్నారు?"

"నేనే అక్కా," అన్నాడు దూది. కనుబొమల మీద పీచు అలాగే ఉంది. రొమ్ము మీద కొత్త బ్యాడ్జీ. "నువ్వు రాకముందే ఎన్నిక అయిపోయింది. ఏమనుకోకు."

"నేనేమనుకుంటాను?" అంది ఆమె. తర్వాత రెండు రోజులు అతనితో ముక్తసరిగా మాట్లాడింది. మూడో రోజు అతను పీచు జాలీ తీయడం అరగంట ఆలస్యం చేస్తే, నలుగురూ వినేలా గుర్తుచేసింది. దూది గొణుక్కుంటూ తీశాడు.

మణికట్టు మీద బరువు పడకూడదు, నిచ్చెన ఎక్కకూడదు అని డాక్టరమ్మ రాసింది కాబట్టి, ఇస్త్రీ అక్కకి కింది పడక ఉన్న కేబిన్ ఇవ్వాల్సి వచ్చింది. ఖాళీ ఉన్నది ఒక్కటే, చిన్నమ్మాయి ఉంటున్నది. డ్యూటీ దిగిన ఒక మధ్యాహ్నం సంచీతో వెళ్ళేసరికి చిన్నమ్మాయి అప్పటికే తన బట్టలు పై పడకకి మార్చేసి, కింది పడక మీద శుభ్రమైన దుప్పటి పరిచి పెట్టింది. మూలలు కాస్త వంకరగా ఉన్నాయి.

"దుప్పటి ఇలాగేనా పరిచేది?" అని ఇస్త్రీ అక్క మూలలు సరిచేసింది.

"నువ్వే నేర్పావు. నాకు రాలేదు," అని చిన్నమ్మాయి నిచ్చెన ఎక్కి పైన పడుకుంది. నిమిషంలో గురక మొదలైంది.

ఇస్త్రీ అక్క కింద నడుం వాల్చింది. పరుపు మెత్తగా ఉంది, దీపం చేతికందుతుంది. బూట్లు పెట్టుకోవడానికి అర కూడా ఉంది. అన్నీ బాగానే ఉన్నాయి. కాసేపు కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి పైకి చూసింది. గాలి వచ్చే గొట్టం నోరు సరిగ్గా పై పడక మీదికే ఉంది. అక్కడైతే చల్లగా ఉంటుందేమో అనిపించింది.